చెరువు చేపల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో చేపలను గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని వాఙ్మయమునకు చేప పరాయిది కాదు. దశావతారములలో మొదటిది మత్స్యావతారము. పదునెనిమిది పురాణములలో ఒకటి మత్స్యము పేరనే వెలసినది. అమరసింహుడు తన నిఘంటువునందలి వారివర్గములో మత్స్యనామములను వరుసగా కూర్చినాడు. అందులోని రోహితమే నేడు సంతలో అమ్ముచున్న రోహు. 1822లో గంగానది చేపలను గూర్చి గ్రంథము వ్రాసిన హామిల్టను అను స్కాట్లండు వైద్యుడు కూడ ఆ పేరునే నిలిపినాడు. నేటికిని శాస్త్రజ్ఞులు దానిని లేబియో రోహిత అనియే వ్యవహరించుచున్నారు. కావున పుస్తకముల బీరువాకును చెరువుకట్టకును నడుమ దూరము మిక్కిలి తక్కువ.

బమ్మెర పోతన తెలిగించిన భాగవతము అష్టమ స్కంధములో సత్యవ్రతుని కథ కలదు. ఆ రాజు కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా అతని దోసిలిలోనికి ఒక చిన్న చేపపిల్ల వచ్చినది. అతడు దానిని తిరిగి నీట విడువబోగా, పెద్ద చేపలు తనను మ్రింగును గనుక కాపాడుమని అది వేడుకొన్నది. అతడు దానిని కమండలువులో ఉంచెను. అది చాలలేదు. అంతకు పెద్ద పాత్రలో ఉంచెను. అదియు చాలలేదు. పిమ్మట కొలనిలోనికి, సరస్సులోనికి, తుదకు సముద్రములోనికి చేర్చవలసి వచ్చెను. భక్తులు ఈ కథలో భగవంతుని లీలను చూతురు. అది సరియే. అయితే చెరువును నమ్ముకొన్నవారికి ఇందులో మరి రెండు మాటలు వినబడును. చేపపిల్ల ఎంత పెరుగగలదో నిర్ణయించునది అది నివసించు నీరు. అది చిన్నదిగా నున్నంతకాలము దానికి పెద్దచేపల భయము తప్పదు. ఈ రెండు మాటలు మనస్సున నుంచుకొన్నచో చెరువు చేపల లెక్క సగము తెలిసినట్లే.

లెక్క అనుటకు కారణము కలదు. "ఈ యేడు చెరువులో చేప లేదు" అనియు, "ఈ యేడు చెరువు పండినది" అనియు జనులు చెప్పుకొందురు. రెండును అదృష్టము మీదికి నెట్టివేయుదురు. గాలము వేయు పిల్లవాడు మొదలు వల విసరు పెద్దవాని వరకు ఇదే మాట. నిజమునకు చెరువు కూడ ఒక ఖాతా. దానికి ప్రారంభ నిల్వ కలదు, జమ కలదు, ఖర్చు కలదు, ఆఖరు నిల్వ కలదు. ఈ నాలుగింటిని చూడక పట్టిన చేపను మాత్రమే లెక్కించుట, పహాణీ విప్పక పంట చెప్పుట వంటిది.

మొదట జమ సంగతి చూతము. చెరువులోనికి చేప రెండు విధములుగా వచ్చును. ఒకటి చెరువులోనే పుట్టునది. రెండవది బయటినుండి తెచ్చి విడిచినది. ఈ భేదము తెలియకపోవుటచేతనే అనేక గ్రామములలో పొరపాటు జరుగుచున్నది.

కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతముల చెరువులలో తమంత తాము పుట్టి పెరుగు చేపలు కొర్రమీను, మార్పు, జెల్ల, పరక మొదలైనవి. ఇవి నిలువనీటిలోను, తుంగ మొలిచిన అంచులలోను, తొలకరి వరదకు తడిసిన శిఖం భూములలోను గ్రుడ్లు పెట్టును. ఇక సంతలో ఎక్కువగా అమ్ముడుపోవు బొచ్చె, రోహు, మృగాల అను మూడు పెద్ద చేపలు అట్లు కాదు. అవి చెరువులో ఎంత బలిసినను, కడుపునిండ గ్రుడ్లు ధరించినను, నిలువనీటిలో ఆ గ్రుడ్లు విడువవు. వానకాలపు వరద పారునట్టి నదిలోనే విడుచును. అందుచేత చెరువులోని రోహు చేపకు మనుమలు లేరు. ఏటికేడు పిల్లలను తెచ్చి వేయనిచో ఆ వంశము ఆ చెరువులో అంతటితో ముగిసినట్లే.

పూర్వము ఈ పిల్లలను వంగదేశపు నదులలో వరదకాలమున పట్టి, రైలుబండ్లలో దూరదేశములకు పంపెడివారు. దారిలో చచ్చునవి అనేకము. వానిలో కోరిన చేపతోపాటు కోరని చేపయు కలిసి వచ్చెడిది. 1957 జులై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు, చేప మెదడు క్రింద నుండు పిట్యుటరీ గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి, నిలువనీటి చేప చేతనే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు దేశమంతటను మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. నేడు ఏ గ్రామమునకు చేపపిల్లల బండి వచ్చినను దాని వెనుక ఆనాటి కృషి యున్నది.

తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట, 2016–17లో ప్రభుత్వము చెరువులకు ఉచితముగా చేపపిల్లలను ఇచ్చు పథకమును ప్రారంభించినది. ఎండకాలమున ఎండిపోవు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలును, ఏడాది పొడవున నీరుండు చెరువులకు, జలాశయములకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలును అని నియమము చేసిరి. మొదటిది అంగుళమున్నర. రెండవది మూడు నాలుగు అంగుళములు. ఈ రెండు కొలతలకు నడుమ నున్న భేదము వ్రేలెడు మాత్రమే అయినను, ఫలితములో అది కొండంత.

కౌటిల్యుడు అర్థశాస్త్రములో దండనీతి లేని రాజ్యమున బలవంతుడు బలహీనుని మ్రింగునని చెప్పుచు, దానికి మత్స్యన్యాయమను పేరు పెట్టినాడు. చెరువులో ఆ న్యాయము అక్షరాల నడచుచుండును. కొర్రమీను, వాలుగ, మార్పు మాంసాహారులు. చెరువులో అవి నిండి యుండగా అంగుళమున్నర పిల్లలను కుమ్మరించుట, వాటికి విందు చేయుటయే. లెక్క తెలియుటకై ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణము చెప్పుకొందము. ఒక సంఘము 10,000 చిన్న పిల్లలను విడిచినది. వందకు పది మాత్రమే బ్రతికినవి. అవి 1,000. ఒక్కొక్కటి అరకిలో తూగినచో 500 కిలోలు. మరొక సంఘము 5,000 మాత్రమే విడిచినది, కాని నాలుగంగుళముల పిల్లలు. వందకు నలుబది బ్రతికినవి. అవి 2,000. ముప్పావు కిలో చొప్పున 1,500 కిలోలు. విడిచినది సగము, వచ్చినది మూడింతలు. కావున బండి వచ్చినపుడు "ఎన్ని పిల్లలు?" అని మాత్రమే అడుగక, "ఎంత పిల్లలు?" అని కూడ అడుగవలెను. నాలుగు పిల్లలను పళ్ళెములో పోసి, కొలబద్దతో కొలిచి, సంఖ్యతోపాటు కొలతను సంఘపు పుస్తకములో వ్రాసికొనవలెను. సత్యవ్రతుని దోసిలిలోని చేపపిల్ల మొరపెట్టుకొన్నది ఈ సంగతియే.

బయటినుండి వచ్చినవానిలో మరికొన్ని కలవు. బంగారుతీగ అను చేప 1939లో నీలగిరులకు వచ్చినది. దానిలో మరొక జాతి 1957లో దేశమునకు చేరినది. గడ్డిచేప, వెండిచేప అనునవి 1959లో వచ్చినవి. జిలేబి చేపయని జనులు పిలుచు తిలాపియా 1952లో వచ్చినది. ఈ తిలాపియా తన గ్రుడ్లను నోటిలోనే పొదుగును. నిలువనీటిలోనే మాటిమాటికి పిల్లలు చేయును. సంఖ్య పెరుగును గాని మేత చాలక చేప చిన్నదైపోవును. ఆఫ్రికా మార్పు అనునది మన మార్పు చేపకు జ్ఞాతియే గాని, దానికి ఆకలి మెండు. దొరకిన ప్రతి చేపను మ్రింగును. దానిని పెంచుటను భారతప్రభుత్వము నిషేధించినది. తక్కువ ధరకు వచ్చినదని దానిని చెరువులో విడుచుట, కోడిగూటిలో నక్కను కట్టివేయుట వంటిది.

ఇక ఖర్చు సంగతి. వలలో పడిన చేప మాత్రమే ఖర్చు అనుకొనరాదు. మత్తడి దూకునపుడు నీటితోపాటు చేపయు దిగువ చెరువునకు పోవును. మన పూర్వులు కట్టిన గొలుసుకట్టు చెరువులలో ఒక చెరువు ఖర్చు క్రింది చెరువునకు జమ యగును. కాకతీయ కాలువ నీరు నిండు చెరువులకు ఆ కాలువ వెంట శ్రీరామసాగరపు చేప వచ్చుటయు కలదు. ఇది ఊరికి నష్టమే అయినను ప్రాంతమునకు నష్టము కాదు. కొంగలు, నీరుకాకులు తమ వాటాను తీసికొనును. అదియు ప్రకృతి లెక్కలోనిదే.

అసలైన నష్టము మరియొకటి. వేసవిలో నీరు తగ్గి వేడెక్కినపుడు చేపకు ఊపిరి చాలదు. నీటిలోని పాచి పగలు ప్రాణవాయువును విడుచును, రాత్రి తానే పీల్చుకొనును. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా నుండును. రోహులు, బొచ్చెలు నీటిపైకి వచ్చి నోరు తెరచి గుటకలు వేయుచున్నచో అది ఆట కాదు, ఆపద. అట్టి వేళ కొత్తనీరు పెట్టుటయో, కొన్ని చేపలను వెంటనే పట్టివేయుటయో తప్ప గత్యంతరము లేదు. కొర్రమీనుకు, మార్పుకు ఈ బాధ తక్కువ. వాటి తలలో గాలి పీల్చుకొనుటకు వేరుగా ఏర్పాటు కలదు. అవి పైకి వచ్చి గాలిని మ్రింగిపోవును. తడి బురదలో కూడ కొంతకాలము బ్రతుకును. అందుకే చేపలమ్మువారి తట్టలో కొర్రమీను ప్రాణముతో కదలాడుచుండును. కాని ఇందులో ఒక చిక్కు కలదు. నీటిపైకి రానీయకుండ వలతో అదిమినచో, చేపయై యుండియు కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చచ్చును.

దీనికంటె ఘోరమైన ఖర్చు మనుష్యుడు చేయునది. మందు కలుపుట, తూటా పేల్చుట, కరెంటు తీగను నీట ముంచుట. ఇవి చేపలు పట్టుట కాదు, చెరువును చంపుట. పట్టినవానికి ఒక బుట్టెడు చేప దొరకును. బురదలో పొదిగిన పిల్ల, దాని మేతయైన పురుగు, ఆ నీరు త్రాగు పశువు, అన్నియు నశించును. విషము, ప్రేలుడు పదార్థములు వాడి చేపలను చంపుట నేరమని 1897 నాటి భారత మత్స్యచట్టమే చెప్పినది. కరెంటు తీగవలన చేపకంటె ముందు మనుష్యుడే పోవుటయు సంభవము. ఈ విషయమున గ్రామమంతయు ఒక్కమాటగా నిలువవలెను.

ఇక గాలము సంగతి. గాలమును సోమరిపని అని కొందరు తేలికగా చూతురు. అది తప్పు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమను భాగము కలదు. ఆ గ్రంథములో ఏనుగుల శాస్త్రము, వంటలశాస్త్రము, సంగీతము ఉన్నట్లే, గాలము వేయు విధానమును, చేపల రకములను, వాటి ఆహారమును రాజవినోదముగా వర్ణించినాడు. సుందర్‌లాల్ హోరా అను ప్రసిద్ధ మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దానిని పరిశీలించి, వ్యాసము ప్రకటించి, లోకమునకు చాటినాడు. ఆ సోమేశ్వరుని కాలమున ఈ ప్రాంతమును కల్యాణి సామ్రాజ్యములోనిదే. కావున చెరువుకట్టపై గాలము పట్టుకొని కూర్చున్నవాడు ఒక చక్రవర్తి ఆదరించిన విద్యనే అభ్యసించుచున్నాడు.

ఆ విద్యకు మొదటి పాఠము చేప నోరు చూచుట. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైభాగమున తేలు సూక్ష్మజీవులను వడగట్టి తినును. అందుచేత సాధారణముగా ఎరకు చిక్కదు. రోహు నడిమి నీటిలో తిరుగును. దానికి మక్కపిండి, తవుడు కలిపిన ముద్ద ఇష్టము. మృగాల నోరు క్రిందికి వంగియుండును. అది అడుగున బురదలో మేయును. దానికి ఎర నేలకు తగులవలెను. జెల్లకు, మార్పుకు వానపాము చాలును. కొర్రమీను వేటగాడు. దానికి కదలు ఎర కావలెను. చిన్న కప్పనో, పరకనో తుంగ అంచున కదలించినచో మెరుపువలె వచ్చి పట్టును. ఒకే చెరువులో ఒకే దినమున ఒకడు బుట్ట నింపుకొని పోవుటయు, మరొకడు వట్టిచేతులతో పోవుటయు అదృష్టము కాదు. ఒకడు చేప నోటికి తగిన ఎరను, తగిన లోతున ఉంచినాడు. రెండవవాడు ఉంచలేదు.

వేళయు ముఖ్యమే. ఎండకాలపు తెల్లవారుజామున ఊపిరికే కష్టపడుచున్న రోహు మేతకు రాదు. ప్రొద్దెక్కిన పిమ్మట నీటికి ప్రాణవాయువు చేరినపుడు మేయును. గాలిని మ్రింగు కొర్రమీనుకు ఆ చిక్కు లేదు గనుక చల్లని ఉదయమునను, సాయంకాలమునను అంచులలో వేటాడును. చలికాలమున అన్ని చేపల ఆకలియు మందగించును. తొలకరి వాన పడి ఎర్రనీరు చెరువులోనికి వచ్చునపుడు చేపలన్నియు ఆ నీటికి ఎదురేగును. ఆ వేళ వాగుమొగమున బుట్ట పెట్టినవానికి ఎంత చేపయైనను దొరకును. ఈ ఉపన్యాసమునకు అసలైన విషయము ఇక్కడనే కలదు.

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినవలెనని తెలంగాణమున ఆచారము. జూన్ నెల మొదటివారము దాటగానే ప్రతి ఇంటను చేపల కూర వాసన వచ్చును. రోహిణి ఎండలు పోయి చల్లదనము వచ్చువేళ శరీరమునకు వేడిచేయు ఆహారము కావలెనని పెద్దలు చెప్పుదురు. ఆచారమును తప్పుపట్టుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము కాదు. కాని చెరువు పంచాంగమును కూడ ఒకసారి విప్పి చూడవలెను. మృగశిర, ఆర్ద్ర కార్తెలే చేపకు ప్రసవకాలము. మనుష్యుడు ఎక్కువగా తినవలెనని కోరు దినములును, చేప తన సంతతిని నిలుపుకొను దినములును ఒక్కటియే అయినవి.

అన్ని చేపలకు ఇది ఒకే విధమైన నష్టము కాదు. రోహు ఒక్కొక్క కిలో బరువునకు రెండు లక్షలకు పైగా గ్రుడ్లు ధరించును. నదిలో వానిని విడిచి తన దారిని తాను పోవును. పిల్లల నెరుగదు. చెరువులోని రోహు అదియు చేయజాలదు గనుక దానిని మృగశిరనాడు కోసికొన్నను చెరువు వంశమునకు లోటు లేదు. కొర్రమీను అట్లు కాదు. అది పెట్టునవి కొన్ని వేల గ్రుడ్లు మాత్రమే. తుంగ నడుమ కలుపును తొలగించి, గుండ్రని గూడువలె చేసి, నీటిపై తేలునట్లు గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు అక్కడనే కావలి కాయును. గ్రుడ్లు పగిలిన పిమ్మట పిల్లలు కుంకుమ చల్లినట్లు ఎర్రని గుంపుగా నీటిపై తిరుగును. వాటి క్రిందనే, కంటికి కనబడని లోతులో, పెద్ద చేప వారములకొలది వెంటనుండును.

ఆ ఎర్రని గుంపును చూచిన గాలపుకాడు దాని మీదికి కప్పను విసరును. క్రిందనున్న కొర్రమీను వెంటనే దానిని కరచును. అది ఆకలిచేత కాదు. బిడ్డల మీదికి శత్రువు వచ్చినదని తరుముటకు కరచును. ఇంత సులభముగా ఆ చేప మరి యే వేళను చిక్కదు. చిక్కిన క్షణమునుండి ఆ పిల్లలకు దిక్కులేదు. పరకలు, జెల్లలు, కొంగలు, ప్రొద్దు క్రుంకు లోపల గుంపును తుడిచివేయును. బుట్టలో పడినది ఒక కిలో చేప. చెరువు ఖాతాలో కొట్టివేయబడినది రాబోవు యేటి పంట. బొచ్చెకు, రోహుకు బండి వచ్చి పిల్లలను పోయును. కొర్రమీను విషయమున చెరువునకు ఆ గుంపే ఆధారము. 2016లో తెలంగాణ ప్రభుత్వము కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించినది. ప్రకటించుట ప్రభుత్వము వంతు. దాని పిల్లల గుంపును విడిచిపెట్టుట గ్రామము వంతు.

ఇది కొత్తనీతి కాదు. అశోకుడు తన అయిదవ స్తంభశాసనములో సంవత్సరమున కొన్ని నియమిత దినములందు చేపను చంపరాదు, అమ్మరాదు అని శాసించినాడు. ఆ శాసనములోనే చూలుతోనున్న, పాలిచ్చుచున్న మేకలను, గొఱ్ఱెలను, ఆరుమాసములు నిండని వాటి పిల్లలను చంపరాదని చెప్పినాడు. రెండువేల రెండువందల యేండ్ల క్రిందట ఒక చక్రవర్తి తల్లి మేకకు చూపిన దయను తల్లి చేపకు చూపుటకు శిలాశాసనము అక్కరలేదు. గ్రామసభలో ఒక తీర్మానము చాలును.

కడపటి పద్దు ఆఖరు నిల్వ. ఎండకాలము ముదిరి చెరువు తేలినపుడు ఊరంతయు వలలు, బుట్టలు, దోమతెరలు తీసికొని దిగుట అందరును ఎరిగినదే. పిల్లలు బురద పూసికొని కేరింతలు కొట్టుదురు. అదియొక పండుగ. కాని ఆ పండుగ ముగియునప్పటికి చెరువులో ఏమి మిగిలినది? తూము దగ్గర నడుములోతు మడుగులో నున్న నాలుగు కొర్రమీనులు, పది మార్పులు, కొన్ని పరకలు. అవియే రాబోవు తొలకరికి విత్తనము. ఆ మడుగును కూడ మోటారు పెట్టి తోడి, ఒక్క తడి నీటికోసము పంట కట్టినవాడు, ఒక తడి సంపాదించి యొక యేటి విత్తనమును పోగొట్టును. ఇంట విత్తనపు వడ్లను దంచి తిన్న రైతును ఏమందురో, చెరువును ఆఖరు చుక్కవరకు తోడిన గ్రామమును కూడ అదే యనవలసి వచ్చును.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించిరి. పూడిక తీసిన చోట లోతు పెరిగినది. ఆ లోతులో ఒక భాగమును చేపల మడుగుగా విడువవచ్చును. తూమునకు దూరముగా, శిఖంలో అన్నిటికంటె పల్లమైన చోట, వేసవియందును ఎండని గుంతను ఏర్పరచి, అందులో వల వేయరాదని, మోటారు పెట్టరాదని నియమించినచో చాలును. అట్లే చెరువు అంచున తుంగను, కలువను సమూలముగా పెరికివేయరాదు. గుర్రపుడెక్క చెరువంతయు కప్పినచో తీయవలసినదే. కాని నలువైపుల అంచును గీసివేసినచో కొర్రమీనుకు గూడు కట్టుకొనుటకు చోటు లేదు.

ఈ నియమములు నిలుచుటకు ముగ్గురు ఒకటి కావలెను. చేపలు పట్టు హక్కు గల గంగపుత్ర, ముదిరాజ సహకార సంఘములవారు, చెరువు నీటిపై పంట పండించు ఆయకట్టు రైతులు, సరదాకు గాలము వేయు యువకులు. రైతు నీరు తోడునప్పుడు మత్స్యకారుని తలచవలెను. గాలము వేయువాడు సంఘపు అనుమతి అడిగి వేయవలెను. పిల్లలను కొని, కాపలా కాసి, వలలు బాగుచేసికొని సంవత్సరమంతయు కష్టపడినవారి చేపను "ఊరి చెరువే గదా" అని ఊరక పట్టుకొనిపోవుట న్యాయము కాదు. సంఘమువారు కూడ పిల్లల గుంపుతోనున్న కొర్రమీనును పట్టమని మొదట తాము ప్రతిన చేసి, పిమ్మట ఇతరులను వారింపవలెను. ఈ ముగ్గురిలో బలవంతుడు మిగిలినవారిని మ్రింగునట్లైనచో, మత్స్యన్యాయము చెరువులోనే కాదు, కట్టమీదికి కూడ ఎక్కినట్లగును.

దీనికి గ్రంథాలయము చేయగల సాయము ఒకటి కలదు. ఒక లావుపాటి పుస్తకమును తెరచి దానికి చెరువు పుస్తకమని పేరు పెట్టవలెను. ఏ తేదీన ఎన్ని పిల్లలు, ఎంత కొలతవి విడిచిరి? మత్తడి ఎప్పుడు దూకినది? ఎర్రని గుంపు మొదట ఏ కార్తెలో కనబడినది? వేసవిలో నీరు ఎంతవరకు దిగినది? వలకు ఎన్ని కిలోలు వచ్చినది? ఏ చేప మునుపు కనబడి ఇప్పుడు కనబడకున్నది? ఇవి తెలిసిన వృద్ధులు ప్రతి గ్రామమున ఉన్నారు. వారి నోటిమాట వారితోనే పోవుచున్నది. చదువుకొన్న పిల్లలు నెలకొక పుట వ్రాసినను, పది యేండ్లలో ఆ పుస్తకము ఏ శాస్త్రగ్రంథమునకును తీసిపోదు. ఈ గ్రామపు చెరువును గూర్చి ఈ గ్రామమే వ్రాసికొనిన గ్రంథము మరి యెక్కడను దొరకదు.

గ్రంథాలయమునకును చెరువునకును న్యాయము ఒక్కటియే. పుస్తకమును తీసికొనిపోవుటకు అందరికి హక్కు కలదు. తీసికొనిపోవుటకే అది ఉన్నది. కాని తీసికొన్న ప్రతివాడును తిరిగి చేర్చక యుండినచో, ఇరువదియైదవ యేట ఉత్సవము చేసికొనుటకు బీరువాలు మాత్రమే మిగులును. ఈ గ్రంథాలయమున పుస్తకములు మిగిలియున్నవి. తీసికొనినవారు తెచ్చి ఇచ్చిరి గనుకనే ఈ దినము పండుగ. చెరువు విషయమునను అట్లే జరుగుగాక. రాబోవు మృగశిరకు ప్రతి ఇంట చేపకూర వండుకొందురు గాక. ఆ దినముననే తుంగ అంచున ఎర్రని గుంపు తన తల్లితో చల్లగా తిరుగుచుండును గాక.